భుజానికి తెలియని దెబ్బ

కుప్పంలో బస్సెక్కినప్పటి నుంచి సాగర్ కళ్లు మూసుకుని గొణుగుతూనే ఉన్నాడు.

"చేతులు తుడుచుకోవాల. గుండు పెట్టకుండా పేల్చకూడదు. సీలు... సీలు తర్వాత నూనె..."

పక్క సీటు పెద్దాయన వి.కోట దాకా ఓర్చుకున్నాడు. పలమనేరు దాకా ఓర్చుకున్నాడు. పుంగనూరులో దిగబోతూ ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"ఇంటర్వ్యూకి పోతాండావా అప్పా?"

"లేదు పెద్దాయనా. మదనపల్లికి పిల్లనడగను పోతాండాను."

పెద్దాయన సంచి భుజానికేసుకుని అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"ఇప్పుడు దానికి గూడా పరీక్ష పెడతాండారా? మాకు ఊరికే ఇచ్చేసినారు గదప్పా!"

నవ్వుకుంటూ దిగిపోయాడు. సాగర్ మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

అది రెండువేల మూడు. సాగర్, ఫెబా కుప్పంలో ఒకే ప్రైవేటు స్కూల్లో టీచర్లు. సాగర్ వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. ఏ కష్టమొచ్చినా చదివి పాసవ్వాలనుకోవడం తప్ప ఇంకో దారి తెలియనివాడు. పెళ్లి చేసుకుందామా అని అతను అడిగితే ఫెబా సిగ్గుపడలేదు. షరతు పెట్టింది.

"మా ఇంట్లో ఒక జర్మన్ గాలి తుపాకి ఉండాది. పోటీల్లో గురి కాల్చే రకం. మిషన్ ఆస్పత్రి డాక్టరమ్మ వాళ్ల దేశం పోతాపోతా ఇచ్చిపోయింది. నా కన్నా వయసెక్కువ దానికి. దాని సంగతి తెలియనోడికి మా ఇంట్లో పిల్లనివ్వరు. మా నాన్న అన్నీ అడుగుతాడు."

"జాతరలో బెలూన్లు కాల్చేది తప్ప నేను తుపాకే సూడలేదే!"

"నేను నేర్పిస్తాలే."

నేర్పించింది. స్టాఫ్ రూములో అడుగు స్కేలే తుపాకి, సుద్దముక్కే గుండు. తప్పు చెబితే అదే స్కేలుతో వేళ్ల మీద ఒకటి పడేది. పిల్లలు కిటికీలోంచి చూసి పండగ చేసుకునేవాళ్లు.

మదనపల్లిలో ఫెబా వాళ్ల నాన్న జయరత్నం వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసి రిటైరైన మనిషి. పెద్ద మీసం. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు.

"కూసో అప్పా" అన్నాడు. అంతే.

ఫెబా పాత దుప్పటిలో చుట్టిన తుపాకిని రెండు చేతులతో తెచ్చి టీపాయ్ మీద పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయింది. జయరత్నం దాన్ని తాకనైనా తాకలేదు. ఎంత భక్తో అనుకున్నాడు సాగర్.

జయరత్నం గొంతు సవరించుకున్నాడు. కాసేపు పైకప్పు వైపు చూశాడు. ఫ్యాను తిరుగుతున్నా ఆయన నుదుట చెమట.

"దీన్ని ముట్టుకునే ముందర ఏం చేస్తావు?"

"చేతులు తుడుచుకుంటాను సార్. చెమట తగిలితే ఇనుము తుప్పు పడతాది."

"కరెక్టు. గుండు లేకుండా పేలిస్తే?"

"లోపల గాలి పోకుండా పట్టే సీలు దెబ్బతింటాది సార్."

"కరెక్టు." ఆయన మళ్లీ పైకప్పు చూశాడు. ఈసారి చాలాసేపు. "ఆఁ... ఏ నూనె వేస్తావు?"

సాగర్‌కు ఆ ప్రశ్న బుర్రకెక్కలేదు. అతని నోట్లో సీలు సిద్ధంగా ఉంది. వరసలో తర్వాతది అదే మరి.

"వాడినా వాడకపోయినా ఏండ్లు గడిస్తే పాతబెల్లం మాదిరి పొడైపోతాది సార్. అప్పుడు మార్చల్ల!"

"కరెక్టు!" అన్నాడు జయరత్నం, గట్టిగా.

వంటింట్లో గ్లాసు కింద పడింది.

ఆ చప్పుడుకు సాగర్‌కు అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. నూనె అడిగితే సీలు చెప్పాడు! అయినా ఆ పెద్దమనిషి కోప్పడలేదు. పిల్లనిచ్చే ఉద్దేశంతో వదిలేశాడేమో, ఎంత మంచి మనసు! ఫెబా వాళ్లమ్మ సారా వంటింటి గడపలో నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది.

"ఆఖరు ప్రశ్న" అన్నాడు జయరత్నం, ఒడ్డుకు చేరుతున్నవాడిలా. "కాల్చినా భుజానికి దెబ్బ తగలదు. యాల?"

"పేలంగానే పైభాగమంతా పట్టాల మీద రైలుపెట్టె జరిగినట్టు వెనక్కి జరుగుతాది సార్. ఆ దెబ్బంతా అదే మింగేస్తాది."

"అట్లనా!" అని నోరు తెరిచాడు జయరత్నం. వెంటనే మూసేశాడు. "అంతే. అంతే."

పెరట్లో గోడ మీద ఫెబా నిమ్మకాయ పెట్టింది. సాగర్ చేతులు తుడుచుకున్నాడు. పక్కనున్న మీటను వెనక్కి లాగి, అది తిరిగి వేళ్ల మీద పడకుండా పట్టుకుని, గుండు పెట్టి, మీట మూసి కాల్చాడు.

టప్పుమంది. తుపాకి చెంప కింద మెత్తగా జరిగింది. భుజానికి ఏమీ తెలియలేదు. నిమ్మకాయ గోడ మీద లేదు!

అతను వచ్చిన పని మరచిపోయాడు. పిల్లనడగాలి, వినయంగా ఉండాలి, అన్నీ మరచిపోయాడు.

"ఇంకోటి పెట్టు! ఇంకోటి పెట్టు ఫెబా!" అని గెంతుతున్నాడు.

ఫెబా అతన్నే చూస్తూ నిలబడింది. తర్వాత నాన్న వైపు తిరిగి తల ఊపింది.

"పెద్దోళ్లను పిల్చుకోని రా అప్పా. మాట్లాడుకుందాం" అన్నాడు జయరత్నం.

సాగర్ ఆయన కాళ్లకు దండం పెట్టాడు. సారాకు పెట్టాడు. తుపాకిని దుప్పటిలో తనే చుట్టి దానికీ పెట్టాడు. బస్టాండుకు నడవలేదు, పరుగెత్తాడు.

అతను సందు మలుపు తిరిగేదాకా జయరత్నం మీసం కదపలేదు. తర్వాత కుర్చీలో కూలబడి, పై గుండీలు విప్పుకుని, కూతురి వైపు చూశాడు.

"ప్రశ్నలన్నీ నువ్వు బట్టీ పట్టించినట్టే అడిగినాను గదా తల్లీ, ఇంకనన్నా చెప్పు, నీ తుపాకిలో ఆ సీలనేది యాడుంటాది?"