పన్నెండున్నర మంది

"పన్నెండున్నర మందా!" క్లాసంతా గొల్లుమంది.

లెక్కల టీచరు చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. ఉద్యోగంలో చేరి మూడు వారాలే అయింది. పాఠం ఎలా చెబుతుందో చూడ్డానికి హెడ్‌మిస్ట్రెస్ వచ్చి వెనక బెంచీలో కూర్చున్న రోజే ఇలా జరగాలా!

ఇంటి దగ్గర జరిగిన పని మీద తలా ఒక లెక్క రాసుకు రమ్మని పిల్లలకు చెప్పింది తనే. మూడో బెంచీ గడుగ్గాయి తెచ్చిన లెక్క చిన్నదే. టమాటా తోటలో మనిషి రోజుకి ఎనిమిది బుట్టలు కోస్తాడు. మొన్న ఒక్కరోజులో వంద బుట్టలు కోశారు. కోసినవాళ్లు ఎందరు? తెలియదు కాబట్టి ఎక్స్ అనుకుంది టీచరు. ఎనిమిది ఎక్స్‌లు వందకి సమానం. ఎక్స్ అంటే పన్నెండున్నర.

తుడిచి మళ్లీ చేసింది. మళ్లీ అంతే. ఎనిమిదో ఎక్కం మనసులో అప్పజెప్పుకుంది. ఎక్కం బాగానే ఉంది. మరి ఈ సగం మనిషి ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు?

"అంకెలు తప్పు రాసుకొచ్చావు కదూ?"

"లేదు మేడమ్. అమ్మ చెప్పినవే. మా అమ్మకి లెక్క తప్పదు."

"అయితే మనిషిని సగానికి కోసి పనిలో పెట్టారా?"

మళ్లీ నవ్వులు. గడుగ్గాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. హెడ్‌మిస్ట్రెస్ ఏదో రాసుకుని, పలకరించకుండానే వెళ్లిపోయింది.

బడి వదిలాక టీచరుకి కాళ్లు ఇంటివైపు సాగలేదు. పిల్లని ఏడిపించానన్న బాధ ఒకపక్క, ఆ సగం సంగతేమిటో తేలని తికమక ఇంకోపక్క. గడుగ్గాయి వెంట వాళ్లింటికి నడిచింది.

వసారా నిండా ఖాళీ బుట్టలు. లోపల మంచం మీద పడుకున్న తల్లి, టీచర్ని చూసి కంగారుగా లేవబోయింది.

"లేవకండమ్మా. ఒక్క మాట అడిగి వెళ్తాను. మొన్న తోటలో ఎంతమంది కోశారు?"

"పదముగ్గురం మేడమ్."

"అయితే నూట నాలుగు బుట్టలు రావాలి కదా!" టీచరు తల గిర్రున తిరిగింది.

"పన్నెండు మందీ పొద్దుగూకేదాకా కోశారు. నేను మధ్యాహ్నానికి నాలుగు బుట్టలు కోసి వచ్చేశాను."

"అదేం? ఒంట్లో బాగోలేదా?"

ఆమె పక్కనున్న దుప్పటి మడత మెల్లగా తొలగించింది. లోపల పిడికిళ్లు బిగించి నిద్రపోతున్న పసిగుడ్డు.

"సాయంత్రం దాకా ఈ మహాతల్లి ఆగితేగా మేడమ్!"