తోడొచ్చిన వదిన

“ఆస్పత్రి ముందు గుమ్మానికి మెట్లున్నాయి వదినా. పక్క సందులోకి తిప్పు, వాలుదారి ఉంది,” అంది చక్రాల కుర్చీలోంచి మరదలు.

వదిన రుసరుసలాడుతూ కుర్చీ తిప్పింది. పొద్దున పౌడరు డబ్బా కనిపించలేదని ఒక చిరాకు. కుట్టాల్సిన జాకెట్లు మిషను మీదే వదిలేసి రావాల్సి వచ్చిందని ఇంకో చిరాకు. మూడు చక్రాల స్కూటరెక్కి ఊరంతా ఒక్కతే తిరిగే పిల్ల, ఇవాళ నువ్వు రాకపోతే వెళ్లనని మంకుపట్టు పట్టింది. అందుకు మాత్రం వదిన లోలోపల మురిసిపోయింది.

రొమ్ము పరీక్షకని ఇంతకుముందు ఇద్దరూ రెండు చోట్లకు వెళ్లారు. నిలబడలేనివాళ్లకు ఎక్స్‌రే తీయలేమని వెనక్కి పంపేశారు. రెండు చోట్లా వదిన అందరినీ దులిపేసి వచ్చింది. ఆమె సొంత అక్క రొమ్ము క్యాన్సరుతోనే పోయింది. బయటపడేసరికే ఆలస్యమైపోయింది.

“అక్క పోయింది చాలు. నిన్ను కూడా పోగొట్టుకోలేను,” అంది వదిన.

“మరి నువ్వు చేయించుకోవా?”

“నాకేం, గుండ్రాయిలా ఉన్నాను.”

ఎప్పుడడిగినా ఆమె జవాబు అదే. చెప్పేటప్పుడు ఎదుటివాళ్ల మొహం చూడదు.

కౌంటరు దగ్గర మరదలే మాట్లాడి వచ్చింది. ఎక్స్‌రే గదిలో టెక్నీషియనమ్మాయి వాళ్లను చూసి నవ్వింది.

“కూర్చుని తీయించుకోవచ్చండి. మా మిషను కిందికి దిగుతుంది. కుర్చీ చేతులు ఊడదీస్తే సరిపోతుంది.”

“కూర్చుంటే కుదరదన్నారే వాళ్లు?” వదిన నమ్మలేదు.

మరదలు మొహం చిన్నబుచ్చుకుంది. “ఇంటికి పోదాం వదినా. ఆ పలకల మధ్య నొక్కుతారట. నొప్పి పుడితే నేను చటుక్కున వెనక్కి జరగలేను కూడా.”

“ఇంత దూరం వచ్చాక పోవడమేంటి? అమ్మాయ్, ముందు నాకు తీసి చూపించు. దీని కుర్చీలోనే తియ్యి. అప్పుడుగానీ దీనికి ధైర్యం రాదు.”

మరదలు పక్కనున్న చక్రాల బల్ల మీదికి జరిగింది. వదిన కుర్చీలో కూర్చుని కళ్లు గట్టిగా మూసుకుంది. మరదలికి ఆమె చెయ్యి పట్టుకోవాలనిపించింది, కానీ అమ్మాయి ఆ బల్లను గాజు తలుపు అవతలికి నెట్టేసింది.

కాసేపటికి పని అయిపోయింది. అమ్మాయి బల్లను మళ్లీ లోపలికి లాక్కొచ్చింది.

“పౌడరు రాసుకోకుండా వచ్చి మంచి పని చేశారండి. ఫొటోలు స్పష్టంగా వచ్చాయి,” అంది అమ్మాయి.

“ఇంతేనా?” వదిన కుర్చీలోంచి లేచింది. “కాలరు మీద ఇస్త్రీ పెట్టినట్టుంది, అంతే. ఇంతోటిదానికా మనల్ని రెండు చోట్ల తిప్పి పంపారు? రా, ఇక నీ వంతు.”

మరదలు తాపీగా కుర్చీలోకి జరిగి, ఊడదీసిన చేతులు మళ్లీ బిగించుకుంది.

“నాది పోయిన నెలే అయిపోయింది వదినా.”