చపాన్ చేతులు

జాన్‌దోస్ బరువులెత్తే పోటీలో పతకం తెచ్చాడని, గుర్రపుమాంసం విందులో ఊరి పెద్దలు అతని భుజాల మీద చపాన్ కప్పారు. ఆ పొడుగు కోటును నిండుగా తొడుక్కుని, వంగి దండం పెట్టాలి.

కుడిచెయ్యి లేవలేదు. భుజంలో కండ చిరిగిన సంగతి కోచ్‌కి కూడా చెప్పకుండా దాచాడు.

"ఏరా, అంత ఇనుము ఎత్తినోడివి, కోటు బరువైందా?" అన్నాడో ముసలాయన. అందరూ నవ్వారు. జాన్‌దోస్ తల దించుకున్నాడు.

కోచ్ ఒరాల్‌బెక్ లేచి వచ్చాడు. ఎప్పుడూ చపాన్‌ని చేతులు తొడక్కుండా, భుజాల మీద ఊరికే వేసుకుని రాజులా తిరిగే మనిషి. వెనకాల ఆయన్ని "ఖాన్‌గారు" అని వెక్కిరించేది జాన్‌దోసే.

ఆయన కుడిచెయ్యి కదపకుండా, ఎడమచేత్తోనే కోటు సర్ది, చెవిలో అన్నాడు: "తొడుక్కోకు, నాలాగే వదిలెయ్. పొగరనుకుంటారులే. నువ్వూ అదే అనుకున్నావుగా."