మల్లెపూల కట్టు

కోడలు రేవతికి ఎడమ రొమ్ములో చీముగడ్డ లేచింది. పాలు ఇంకిపోతే బాధ తగ్గుతుందని అత్తగారు శ్రావ్య ఆ రొమ్ముకు మల్లెపూలు కట్టింది. తన బాలింత రోజుల్లో ఇలాంటి గడ్డనే కత్తితో కోశారు. ఆ వైపు మళ్లీ పాలు పడలేదు.

ఇంటికొచ్చిన నర్సు దేవకి మొదట ఆ పూలు విప్పేసింది. "పాలు ఆపకూడదండీ, పట్టాలి."

అరచేతిలో ఇమిడే యంత్రాన్ని గడ్డ మీద ఆనించింది. సన్నని సూది తన దారి తనే వెతుక్కుని చీమునంతా లాగేసింది. కుక్కర్ మూడో విజిల్ వేసేలోపే అయిపోయింది.

"కొయ్యవా?" అంది శ్రావ్య.

"దేనికండీ?" దేవకి గడ్డ మీద చిన్న పట్టీ అంటించింది. "మందు ఈ పట్టీలోనే ఉంది. మళ్లీ చీము పడితే ఇదే నన్ను పిలుస్తుంది."

పాప ఎడమవైపే తాగుతోంది. శ్రావ్య మల్లెపూలు చెత్తబుట్టలో పడేసి వచ్చి, కోడలి పక్కన కూర్చుంది.

"దీని నాన్న ఒకవైపు పాలతోనే పెరిగాడే. దీనికి రెండూ ఇయ్యి."