కిటికీ కింద ఫియట్

"ఇంకొంచెం రేజ్ చెయ్యమను," అన్నాడు జోగారావు, కళ్లు మూసుకుని.

విజయ కిటికీలోంచి వంగి చెప్పింది. కింద వీధిలో మెకానిక్ జంగయ్య యాక్సిలరేటర్ తొక్కాడు. పాత ఫియట్ ఇంజన్ మూలిగింది. లోపల్నుంచి డబ్ డబ్‌మని చప్పుడు.

పక్షవాతం వచ్చాక జోగారావు మంచం దిగలేదు. మాట ముద్దగా వస్తుంది. గుండె కూడా బలహీనం, ఏ దిగులూ పెట్టొద్దన్నాడు డాక్టరు. లారీల వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా పనిచేసిన చెవులు మాత్రం చెక్కుచెదరలేదు. శంషాబాద్‌లో వాళ్ల మేడ కింద రోజూ పొద్దున్నే తన బండి స్టార్ట్ కావాలి. ఆయన వినాలి. అప్పుడే కాఫీ ముట్టుకుంటాడు.

"మొన్న ట్యాపెట్లు. నిన్న పిస్టన్. ఇవాళ కనెక్టింగ్ రాడ్ బేరింగ్. నాలాగే దీనికీ రోజుకో రోగం. ఒక్కో ప్లగ్గు వైరే తీసి చూడమను. ఏది తీస్తే చప్పుడు తగ్గుతుందో, రోగం అక్కడ."

విజయ మెట్లు దిగి వెళ్లి చెప్పింది. జంగయ్య ఒక్కో వైరే తీసి పెడుతూ పోయాడు. మూడోది తీయగానే చప్పుడు తగ్గింది.

"సారు చెప్పిందే కరెక్టమ్మా! మూడోదే!" పైకి వినబడేలా అరిచాడు. తర్వాత గొంతు తగ్గించి, "రేపు జర లేటైతదేమో. సారు పరేషాన్ గాకుండ జూడుండ్రి," అన్నాడు.

ఆమె తలూపింది. కొంగుతో మొహం తుడుచుకుని పైకి వెళ్లింది.

"విజయా, ఆ బేరింగ్ పట్టేసిందంటే బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. లలిత్ బెంగళూరు నుంచి వస్తే తాళం ఇవ్వకు. బతిమాలినా సరే. వాడికి స్పీడెక్కువ."

"ఇవ్వనండి."

"ఈ నెలా సెలవు దొరకలేదా మనబ్బాయికి?"

"దొరకలేదటండి. నిన్న ఎస్టీడీ బూత్‌కెళ్లి మాట్లాడాను."

"పోనీలే. బండి బాగయ్యాకే రానీ."

ఆమె కాఫీ గ్లాసు ఆయన పెదాలకు అందించింది. పెదాల పక్కన కారిన చుక్కల్ని తుడిచింది.

పోయిన వేసవిలో శ్రీశైలం రోడ్డు మీద లారీ కింద వాళ్ల ఫియట్ లలిత్‌తో సహా నుజ్జయిపోయినప్పటి నుంచి, తన షెడ్డుకు రిపేరుకొచ్చిన ఏదో ఒక ఫియట్‌ను జంగయ్య రోజూ ఆ కిటికీ కిందికి తెస్తున్నాడు.