చిలకపచ్చ చీర

“గా చీర వద్దు అత్తా, ఇవ్వాళ అసలే వద్దు,” అంటూ శైలశ్రీ పెట్టె మూత గట్టిగా పట్టుకుంది.

“మీయమ్మ ముత్తైదువ. పచ్చదే కట్టాలె,” అంది మేనత్త బసమ్మ. ఆవిడ ఒకరి మాట వింటే గదా! చీర బయటికి లాగేసింది.

శైలశ్రీ తల్లి, కౌన్సిలర్ చన్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తలంటిన జుట్టు ఇంకా ఆరలేదు. తల్లి ఒకపక్కకు ఒరుగుతుంటే శైలశ్రీ దిండు సర్ది, అత్త చుట్టిన చీరకు కొంగు సవరించింది. బయట ట్రాక్టరుకు అరటిబోదెలు కట్టి బంతిపూలు చుడుతున్నారు. అన్న శివానంద్ పొద్దున్నే మనుషుల్ని తీసుకుని చేనుకు పోయాడు. ఇంకాసేపట్లో కౌన్సిలరమ్మ ఊరేగింపును నారాయణఖేడ్ అంతా చూస్తుంది. ఈ చీరలోనే, ఖర్మ.

నిరుడు వార్డులో బోరు వేయించి, ప్రారంభానికి చన్నమ్మ ఇదే కట్టుకుంది. యూట్యూబ్ చానల్ నడిపే సంగమేశ్ ఆమె పక్కన రామచిలక బొమ్మ పెట్టి, కీచుగొంతు అతికించి వదిలాడు. ఆ నీళ్లు తాగిన వాడకట్టే పడిపడి నవ్వింది. పాపిష్టి జనం! నూలు చీరకు మారితే బీద నాటకమన్నాడు. కొంగు తలమీదికి కప్పుకుంటే మొహం చెల్లలేదన్నాడు. ఇంకేం కట్టుకుంటే ఊరుకుంటాడు? చన్నమ్మ మీటింగులకు పోవడమే మానేసింది. నిన్న పొద్దున ఆయాసంగా ఉందంటే దవాఖానకని ఆటో పిలిచారు. మాసిన చీరమీద కనబడితే వీడియో తీస్తారని, మార్చుకునేదాకా ఆమె కదల్లేదు. ఆటోవాడు వాకిట్లో హారన్ కొట్టి కొట్టి విసిగిపోయాడు.

“జనం ఒక్కపారి నవ్వకుండ నన్ను చూస్తే సాలు బిడ్డా,” అంది అప్పుడు కూతురితో, కుచ్చిళ్లు దోపుకుంటూ.

శైలశ్రీ తల్లి చేతులకు పచ్చగాజులు తొడిగింది. నుదుటికి విభూతి, కుంకుమ పెట్టింది. జనం దండలు వేసి, కాళ్లు మొక్కి పోతున్నారు. శైలశ్రీ వాళ్ల మొహాలు ఒక్కొక్కటే వెతికి చూసింది. ఎవరూ నవ్వడం లేదు.

అంతలో సంగమేశ్ ఫోన్ పట్టుకుని గడప దాటి వచ్చాడు. శైలశ్రీకి ఒళ్లు మండిపోయింది. ఏడాదిగా మింగినదంతా గొంతులోకొచ్చింది.

“తియ్యి. గదే చీర. ఇగ నవ్వు,” అంది.

వాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. చెప్పులు విడిచొచ్చి చన్నమ్మ పాదాలు తాకాడు. ఇప్పుడు మొక్కితే ఎవరికి కావాలి అనుకుంది శైలశ్రీ.

భజన మొదలైంది. చేను నుంచి వచ్చిన శివానంద్ మట్టిచేతులతోనే వాకిట్లో నిలబడ్డాడు.

“సమాధి గుంత తయారైంది, మన ఆచారం లెక్క అమ్మను కూసున్నది కూసున్నట్టే లేపుండ్రి.”