ఫొటో మీద చెయ్యి

“ఏయ్ పెద్దాయనా! ఫొటో ముట్టుకోవద్దు!”

జాహ్నవి కేకకు హాల్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

దండ వేసిన మహేష్ ఫొటో ముందు ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. మోకాళ్ల దాకా ఎగగట్టిన పంచె, భుజాన తువ్వాలు. ఆయన అరచెయ్యి ఫొటోలోని నుదుటి మీద ఉంది. కేక విని చెయ్యి తీశాడు గానీ అక్కణ్నుంచి కదల్లేదు.

ముందు వరస కుర్చీలో కూర్చుని హిమజ అంతా చూస్తోంది. కోపం రాలేదు. మొగుడు పోయిన ఈ నాలుగు నెలల్లో ఆమెకు ఏదీ రావడం లేదు. ఏడుపు కూడా.

నంద్యాలలో జాహ్నవి నడుపుతున్న ఆర్ట్ గ్యాలరీ అది. అక్కడ బొమ్మలు పెట్టేవాళ్లలో ఒకరికి జాతీయ బహుమతి రావడం ఇదే మొదలు. అది వచ్చేసరికి మహేష్ లేడు.

ఆళ్లగడ్డలో శిల్పులు చెక్కే చోట రాలిన రాతిపొడిని గోతాల్లో తెచ్చుకునేవాడు మహేష్. జిగురులో కలిపి, కాన్వాసు మీద కొండలు వేసేవాడు. అప్పట్లో “ఏందబ్బా ఈ బూడిద?” అన్నవాళ్లే ఈరోజు వాటి ముందు సెల్ఫీలు దిగుతున్నారు.

నల్లమలను చూసి గీసుకోవాలని అహోబిలం పోయి, తిరిగొస్తుంటే దారిలో గుండెపోటు వచ్చింది. ఎవరో జీపులో ఆళ్లగడ్డ ఆస్పత్రికి చేర్చారట. హిమజ పోయేసరికి తెల్లగుడ్డ కప్పి ఉంది. చేర్చినవాళ్లు లేరు.

“తీసుకొచ్చేసరికే ప్రాణం లేదమ్మా” అన్నాడు డాక్టరు.

అంతకు ముందురోజు నుంచి ఆలుమగలిద్దరికీ మాటల్లేవు. గొడవ చిన్నదే. ఆ పొద్దున అహోబిలం పోయేటప్పుడు గడపలో కాసేపు నిలబడ్డాడు మహేష్. ఆమె తలెత్తలేదు.

ముసలాయన మెల్లగా ఆమె దగ్గరికి వచ్చాడు.

“ఈయప్ప ఇంటామె నువ్వేనామ్మా?”

“ఔను.”

“బస్టాండు కాడ ఫ్లెక్సీలో మొగం జూసినా. ఈడని చెప్తే వచ్చినా. నీకు ఒక మాట చెప్పల్లమ్మా.”

ఒక మాట. ఈ నాలుగు నెలల్లో ఎంతమంది ఇట్లాగే వచ్చారో. ఆయనా నేనూ ఒకే కంచంలో తిన్నామని ఒకరు, నాకో బొమ్మ ఇస్తానన్నాడని ఇంకొకరు.

“మీటింగ్ అయిపోనీ పెద్దాయనా. అంతలోకి టిఫిన్ తిను.”

“టిఫిన్‌కు రాలేదమ్మా.”

“అయితే బొమ్మలు చూస్తా ఉండు.”

“బొమ్మలు నాకేం తెలుస్తాయి తల్లీ” అని, వెనక వరసలో పోయి కూర్చున్నాడు.

ఉపన్యాసాలు మొదలయ్యాయి. మహేష్ మన మధ్యే ఉన్నాడన్నారు ఒకరు. రాయలసీమ రాయికి ప్రాణం పోశాడన్నారు ఇంకొకరు. హిమజకు శాలువా కప్పారు. జ్ఞాపిక చేతిలో పెట్టారు. బరువుగా ఉందనిపించింది, అంతే.

“కొంచెం నవ్వండి మేడమ్” అన్నాడు ఫొటోగ్రాఫరు.

నవ్వింది.

వేదిక దిగేసరికి ముసలాయన ఎదురుగా ఉన్నాడు.

“డోన్ బస్సు పోతాదమ్మా. ఒక్క నిమిషం పక్కకు వస్తావా? నలుగుర్లో చెప్పేది కాదు.”

“ఏమన్నా సాయం కావాలంటే ఆ జాహ్నవిని అడుగు పెద్దాయనా.”

ముసలాయన మొహం చిన్నబోయింది.

“సాయానికి రాలేదమ్మా. ఆయప్ప...”

“దండం పెడతా, వద్దు!” హిమజ గొంతు ఆమెకే ఎవరిదో అనిపించింది. “పొద్దున్నుంచి అందరూ ఆయన గురించే చెప్తాండారు. నాకు ఒక్కటీ ఎక్కడం లేదు. ఈ పొద్దుకు వదిలెయ్. ఇంకోసారి రా.”

“ఇంకోసారంటే...” అని ఆగాడు ముసలాయన. ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. “సరేలే తల్లీ. బలవంతంగా చెప్పే మాట కాదు అది.”

ఎవరో వచ్చి హిమజ చేతులు పట్టుకున్నారు. అదృష్టవంతురాలివమ్మా, అంత పెద్ద కళాకారుడితో బతికావు అన్నారు. ఆమె తలూపింది. మళ్లీ చూసేసరికి ముసలాయన లేడు.

జనం పలచబడ్డారు. ఒకతను చేతిలో తాళాలు తిప్పుకుంటూ లోపలికి వచ్చాడు.

“అమ్మా, నా పేరు రంగయ్య. జీపు తోల్తాను. ఆ పంచె పెద్దాయన్ని నేనే తెచ్చి దింపినా. బస్టాండ్‌లో వదుల్దామని వచ్చినా. యాడుండాడు?”

“వెళ్లిపోయినాడు.”

“అట్నా? మీకు చెప్పినాడా?”

“ఏంది?”

రంగయ్య తాళాలు తిప్పడం ఆపాడు.

“చెప్పలేదా?”

“నేనే విననంటి. ఎవరాయన? ఏ ఊరు?”

“పేరూ ఊరూ నాకూ తెల్దమ్మా. డోన్ దిక్కు అన్నాడు, అంతే. నేనూ ఈ పొద్దే రెండోసారి చూడ్డం.”

“మొదటిసారి యాడ చూసినావు?”

రంగయ్య గోడ మీది ఫొటో వైపు చూసి, తల దించుకున్నాడు.

“ఆ రోజు మీ ఆయన ఎక్కింది నా జీపేనమ్మా. పోలీసులంటే భయపడి ఆస్పత్రిలో దింపి వచ్చేస్తిమి. ఆ పెద్దాయన ఒళ్లో తల పెట్టుకుని, ఆళ్లగడ్డ కనపడేదాకా మీ ఆయన మీకు చెప్పమని ఏందో చెప్తానే వచ్చినాడు; ఇంజను మోతలో నాకు ఒక్క ముక్క కూడా వినపల్లేదు.”